గొయ్యి తవ్వేముందే గేదె మేత లెక్క

గోదావరి జిల్లాల పాడి రైతుకు గడ్డిమేటే ధీమా. కోతల వేళ తుపాను వచ్చిందంటే ఆ ధీమా కాస్తా కుళ్లిపోతుంది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానును చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మొక్కజొన్న చొప్పను గింజ పాలు గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి పాతర వేస్తే నెలల తరబడి నిలువ వుంటుంది. చిక్కల్లా ఎంత వేయాలన్న దగ్గరే. పాతర ఒకసారి తెరిచాక రోజూ అరడుగు మందాన తీస్తూ వుండాలి. లేకుంటే గాలి సోకి బూజు పడుతుంది. అంటే గొయ్యి కొలత గేదె తినే మేతను బట్టి వుండాలి.

ముందుగా గేదె బరువు తెలియాలి. కాటా లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేయాలి. వచ్చినదాన్ని భుజం నుంచి పిరుదు ఎముక దాకా వున్న పొడవుతో హెచ్చవేసి 660తో భాగిస్తే, కాస్త అటూ ఇటూగా కిలోలు వస్తాయి. చుట్టు 76, పొడవు 58 వుంటే బరువు సుమారు 508 కిలోలు.

పశువు తన బరువులో నూటికి రెండున్నర వంతు మేత తింటుంది. బాగా పాలిచ్చేదైతే మూడు వంతుల దాకా పోతుంది. ఇది నీరు తీసేసి చూసిన లెక్క. 500 కిలోల గేదెకు పన్నెండున్నర కిలోలు కావాలి. నాలుగు కిలోల దాణా, మూడు కిలోల వరిగడ్డి వేస్తే ఆరు కిలోల పైచిలుకు తీరుతుంది. మిగతాది పాతరగడ్డి నుంచి రావాలి. అందులో ఎండు పదార్థం నూటికి 30 పాళ్లుంటే రోజుకు 21 కిలోలు చాలు. నీరెక్కువై 25 పాళ్లే వుంటే 25 కిలోలు పెట్టాలి. అంత తడిమేతను గేదె పూర్తిగా తింటుందన్న నమ్మకం లేదు. పిడికిట పిండితే వేళ్ల సందున నీరు కారే చొప్పను ఒకపూట ఆరనిచ్చాకే పాతర వేయాలి.

ఉత్తర ఐర్లండులోని హిల్స్‌బరో పరిశోధన క్షేత్రంలో 136 రకాల పాతరగడ్డిని పశువులకు పెట్టి చూసి, 1998లో ఫలితాలు ప్రకటించారు. పశువు ఎంత తింటుందనేది గడ్డి పులుపు కంటే, అది ఎంత తేలికగా అరుగుతుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి వుందని తేలింది. ముదిరిన చొప్పను ఎంత జాగ్రత్తగా పాతర వేసినా గాడిలో మిగిలిపోయేది ఇందువల్లే.

ఇక గొయ్యి సంగతి. బాగా తొక్కిన పాతరలో ఘనపుటడుగుకు సుమారు 15 కిలోలు పడుతుంది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గొయ్యిలో అరడుగు తీస్తే 90 కిలోలు వస్తుంది. రెండు గేదెలు తినేది 42 కిలోలే. మిగిలిన సగం బూజుపాలు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఒక పాతర వేసుకోవడమో, సంచుల్లో నింపుకోవడమో మేలు. రెండడుగులు తవ్వితే నీరూరే పల్లపు ఊళ్లలో సంచులే దారి.

కాగితం మీది లెక్కను గాడి దగ్గర సరిచూసుకోవాలి. మొదట ఐదు కిలోలతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తి మేతకు రావాలి. పాలలోకి వాసన రాకుండా పిండిన తర్వాతే వేయాలి. మర్నాడు పొద్దున మిగిలినది తూచాలి. గాడి నాకినట్టుంటే మేత చాలలేదన్నమాట. పదో వంతుకు మించి మిగిలితే కాస్త తగ్గించాలి. ఉన్నట్టుండి సగానికి సగం వదిలేస్తే మాత్రం గేదెను అనుమానించే ముందు పాతర దగ్గరకు వెళ్లి వాసన చూడాలి.