నాడి కొట్టుకుంటే కరెంటు

గ్యాసు పొయ్యి వెలిగించే లైటరును చూశారా? టక్కున నొక్కే ఆ లైటరులో బ్యాటరీ ఉండదు. దానికి వైరు ఉండదు. అయినా నిప్పురవ్వ వస్తుంది. ఎలా వస్తుంది?

లైటరు లోపల పింగాణీ లాంటి చిన్న ముక్క ఉంటుంది. మనం నొక్కగానే ఒక చిన్న సుత్తి దాన్ని కొడుతుంది. ఆ దెబ్బకు ముక్కలో కరెంటు పుడుతుంది. అంటే రవ్వకు బలం ఇచ్చింది మన బొటనవేలే!

కొన్ని రకాల స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుంది. ఈ సంగతిని 1880లో ఫ్రాన్సు దేశంలో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కనుక్కున్నారు. కానీ స్ఫటికం రాయిలాంటిది. వంచితే విరుగుతుంది. ఒంటికి అతకదు.

1969లో జపాన్ శాస్త్రవేత్త కవాయ్ ఒక రకం ప్లాస్టిక్‌కు కూడా ఈ గుణం ఉందని చూపించాడు. ఆ ప్లాస్టిక్‌ను పలచని పొరగా చేయవచ్చు. అది గుడ్డలా వంగుతుంది.

రాపిడితో కూడా కరెంటు పుడుతుంది. చలికాలంలో నైలాను చీర విప్పుతుంటే చిటపటమంటుంది కదా! అది రాపిడి వల్లే. 2012లో అమెరికాలో వాంగ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు రెండు రకాల ప్లాస్టిక్ పొరలను కలిపి, వంచి కరెంటు పుట్టించారు.

దీనివల్ల మనకేం లాభం?

ఇలాంటి పొరను మణికట్టు మీద అతికిస్తే నాడి కొట్టుకున్నప్పుడల్లా అది కొంచెం కదులుతుంది. కొంచెం కరెంటు వస్తుంది. ఆ కరెంటును బట్టి నాడి ఎలా ఉందో తెలుస్తుంది.

గుండె సరిగా కొట్టుకోనివారికి డాక్టర్లు ఛాతీలో పేస్‌మేకర్ అనే చిన్న యంత్రం పెడతారు. కొన్నేళ్ళకు దాని బ్యాటరీ అయిపోతుంది. అప్పుడు మళ్ళీ కోత, మళ్ళీ ఖర్చు. గుండె కదలికే ఆ యంత్రానికి కరెంటు ఇస్తే? 2014లో అమెరికా శాస్త్రవేత్తలు ఆవు, గొర్రె గుండెల మీద పలచని పొర అతికించి చూశారు. గుండె కొట్టుకుంటుంటే కరెంటు వచ్చింది.

అయితే ఈ కరెంటు చాలా తక్కువ. దీనితో ఇంట్లో బల్బు వెలగదు. నాడి సంగతి దూరాన ఉన్న డాక్టరుకు పంపాలన్నా ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. పొర చెమటకు తట్టుకోవాలి. వంగి వంగి చిరిగిపోకూడదు. వీటి మీద పరిశోధన సాగుతోంది.

నీళ్ళు తోడినా, పిండి రుబ్బినా, నడిచినా మన ఒంట్లో శక్తి ఖర్చవుతుంది. అందులో చిటికెడు దాచుకున్నా చాలు, అది మన ఆరోగ్యానికే కాపలా కాస్తుంది.