పిడిలోకి చేరిన పెట్టె

పిస్టల్‌లో తూటాలు అయిపోగానే ఖాళీ మ్యాగజైన్‌ను జార్చి, నిండుదాన్ని దూర్చి, మళ్లీ గురిపెట్టడం చూసేవారికి వేళ్ల చురుకుదనంగా కనిపిస్తుంది. ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఆ నేర్పులో పెద్ద వాటా ఇనుములో కుదిరిన కొలతలదే. సాధన ఫలించేది కూడా ఆ కొలతలు చూపిన దారిలో నడిచినప్పుడే.

ఊడదీయడానికి వీలైన మ్యాగజైన్ పెట్టె ముందు రైఫిల్‌కు వచ్చింది. స్కాట్లాండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ జేమ్స్ పారిస్ లీ దానికి 1879లో పేటెంట్ పొందాడు. విచిత్రమేమంటే, ఆయన పేరు మోసిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో సిపాయిలు ఆ పెట్టెను ఊడదీయకుండానే పైనుంచి తూటాలు నింపేవారు. పెట్టె మార్చడమనే పనికి అసలైన చోటు చూపింది హ్యూగో బోర్చార్ట్. 1893లో ఆయన రూపొందించగా బెర్లిన్‌లోని లోవే సంస్థ తయారుచేసిన పిస్టల్‌లో, ఎనిమిది తూటాల మ్యాగజైన్ నేరుగా పిడిలోకే దూరుతుంది. మూడేళ్లకు వచ్చిన మౌజర్ సీ96లో మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందు, కదలకుండా ఉంటుంది. పది తూటాల క్లిప్పును పైనుంచి నొక్కి నింపాలి. అమ్మకాల్లో మౌజరే గెలిచింది. వంశం మాత్రం బోర్చార్ట్‌దే నిలిచింది: ఆ పిస్టల్‌ను చెక్కి నాజూకు చేసిన జార్జ్ లూగర్, అమెరికాలో జాన్ బ్రౌనింగ్ ఇద్దరూ మ్యాగజైన్‌ను పిడిలోనే ఉంచారు. నేటి సైనిక పిస్టళ్లన్నీ దాదాపు ఆ దారివే. నా దృష్టిలో దీనికి బలమైన కారణం మన శరీరంలోనే ఉంది. చీకట్లో కూడా మన కుడి పిడికిలి ఎక్కడుందో ఎడమ చేతికి తెలుసు. పిడికిలి ఉన్నచోటే మ్యాగజైన్ దూరే రంధ్రం ఉంటే దాన్ని కంటితో వెతకనక్కర్లేదు.

ఈ మాటకు ప్రయోగశాల నుంచి కూడా దన్ను ఉంది. చెయ్యి ఒక గమ్యాన్ని చేరడానికి పట్టే సమయం దూరం పెరిగితే పెరుగుతుందని, గమ్యం వెడల్పయితే తగ్గుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లో ఒక సూత్రంగా చూపాడు. మ్యాగజైన్ మార్పిడి సరిగ్గా అలాంటి పనే. బ్రౌనింగ్ 1926లో మరణించాక డ్యూడొనే సేవ్ పూర్తిచేసిన 1935 నాటి హై-పవర్‌ను చూడండి. అందులో పదమూడు తూటాలు రెండు వరుసల్లో సర్దుకుని, పైకి వచ్చేసరికి ఒకే వరుసగా సన్నబడతాయి. సన్నని మూతి వెడల్పాటి రంధ్రంలోకి వెళ్తుంది కాబట్టి గురి కాస్త తప్పినా దారి దొరుకుతుంది. పోటీ పిస్టళ్లకు గరాటులా విప్పారిన అంచు బిగించడం కూడా గమ్యాన్ని వెడల్పు చేయడమే. ఈ సంగతి మన సైన్యానికీ దూరం కాదు: ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్టల్ హై-పవర్ సంతతిదే.

రూపకర్తలు వేగాన్ని తలచుకోనేలేదు కదా అని ఒకరు అడగవచ్చు. ఆ అభ్యంతరంలో నిజముంది. అమెరికా సైన్యం 1911లో స్వీకరించిన కోల్ట్ పిస్టల్ తొలి మ్యాగజైన్లకు అడుగున తాడు కట్టుకునే రింగు ఉండేది. గుర్రం మీది సైనికుడు దాన్ని పారేసుకోకూడదని. జర్మన్ పీ38, రష్యన్ మకరోవ్‌లలో మ్యాగజైన్‌ను పట్టి ఉంచే కొక్కెం పిడి అడుగున ఉంటుంది. తీయాలంటే రెండో చెయ్యి కావాలి. పోగొట్టుకోకపోవడమే అప్పటి చింత. అయినా అదే కోల్ట్‌లో ట్రిగ్గర్ వెనక, బొటనవేలికి అందేలా మ్యాగజైన్‌ను వదిలే బొత్తం ఉంది. దానివల్ల ఎడమ చెయ్యి నిండు మ్యాగజైన్ కోసం ముందే బెల్టు దగ్గరికి వెళ్లే వీలు కలిగింది. ఒకేసారి రెండు పనులు జరిగే ఈ ఏర్పాటు విలువ ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో బాగా తెలిసొచ్చింది. వాటి అంతర్జాతీయ సమాఖ్య 1976లో ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు జెఫ్ కూపర్ రూపొందించిన ఎల్ ప్రెసిడెంటే పరీక్షలో ఆరు తూటాల తర్వాత మ్యాగజైన్ మార్చి మరో ఆరు కాల్చాలి. మ్యాగజైన్ మార్చే వేగం అన్ని పోటీల్లో అవసరమని కాదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌లో సిరీస్‌కు అయిదే తూటాలు. నింపుకోవడానికి సమయం విడిగా ఇస్తారు.

ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకున్న గ్లాక్‌లో పదిహేడు తూటాలు పడుతుంటే ఈ సాధన దేనికి అన్నది మరో ప్రశ్న. పిస్టల్‌లో తేలిగ్గా దెబ్బతినే భాగాల్లో మ్యాగజైన్ ఒకటి. తూటాను పట్టి ఉంచే పెదవులు కాస్త వంగినా, స్ప్రింగు నీరసించినా తూటా అడ్డం పడుతుంది. అప్పుడు పెట్టెలో ఎన్ని తూటాలున్నా లాభం లేదు. దాన్ని తీసి ఇంకోటి పెట్టాల్సిందే.

కాబట్టి మార్పిడి నేర్చుకోక తప్పదు, కానీ సాధన నెమ్మదిగా మొదలవ్వాలి. మోచెయ్యి మడిచి పిస్టల్‌ను ఛాతీకి ఎగువన, కళ్లకు ఎదురుగా నిలపాలి. చూపుడువేలు మ్యాగజైన్ ముందు అంచు పొడవునా ఆనితే, వేలు చూపిన చోటికే దాని మూతి వెళ్తుంది. మూతి రంధ్రంలో కుదిరే క్షణంలో మాత్రం చెయ్యి నిదానించాలి. కుదిరాక అరచేతి మడమతో గట్టిగా తొయ్యాలి. తొందర పనికిరాని చోటు ఆ ఒక్కటే, సమయం వృథా అయ్యేదీ అక్కడే. లైసెన్సు ఉన్నవారు శిక్షకుడి ఎదుట, డమ్మీ తూటాలతో మాత్రమే ఈ సాధన చేయండి. పిస్టల్ ఖాళీగా ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచండి, అసలు తూటాలను ఆ గదిలోకే తేకండి.