పెట్రోలు ధరల బేరీజు – యానాం ప్రయాణము

మన సంఘసభ్యులలో పలువురు ఇప్పుడు చేతిఫోనులోని యాపు తెరచి, ఏ బంకులో పెట్రోలు ఎంత, డీజిలు ఎంత అని చూచుకొనిగాని బండి కదలించుట లేదు. మొన్న దాళ్వా దమ్ములనాడు ఒక రైతు మాకు ఫోను చూపి, "మన యూరి బంకుకంటె ఆవలి బంకులో లీటరుకు ముప్పది పైసలు తక్కువండీ" అని సంతోషముతో చెప్పెను. ఆ బంకు ఆయన చేనికి ఐదు కిలోమీటర్లు. ట్రాక్టరు తోలుకొనిపోయి 60 లీటర్లు పోయించుకొని వచ్చెను. మిగిలినది 18 రూపాయలు. రాకపోకలకు అరగంట పట్టినది. గంటకు నాలుగు లీటర్లు త్రాగు బండి అరగంటలో రెండు లీటర్లు త్రాగును గదా! దాని వెల ఇంచుమించు రెండువందల రూపాయలు. ఆ అరగంటయు ఊడ్పు కూలీలు గట్టుమీద కూర్చుండిరి. ఆ కూలి మేము లెక్కకు చేర్చలేదు.

ఇందులో యాపు తప్పేమియు లేదు. అది చూపిన ధర నిజమైనదే. ఆ ముప్పది పైసలు ఎచ్చటినుండి పుట్టినవో తెలిసికొన్నచో, ఎప్పుడు దాని నమ్మి బయలుదేరవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో తేటపడును.

కేంద్రప్రభుత్వము పెట్రోలు ధరపై కట్టడిని 2010 జూనులోను, డీజిలు ధరపై 2014 అక్టోబరులోను తొలగించెను. 2017 జూను 16వ తేదీనుండి దేశమంతట ప్రతిదినము ఉదయము ఆరుగంటలకు ధర మార్చుకొను ఏర్పాటు వచ్చినది. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం అను మూడు ప్రభుత్వ కంపెనీల ధరలును ఒకచోట దాదాపు ఒక్కటే. డిపోనుండి బంకువరకు లారీ నడిచిన దూరమునుబట్టి పైసలలో భేదము వచ్చును. ప్రైవేటు కంపెనీల బంకులలో అప్పుడప్పుడు భేదము కొంత హెచ్చుగా నుండవచ్చును. కావున ఒకే పట్టణములోని బంకులను యాపులో పోల్చి చూచువాడు చాలవరకు పైసలనే వెదకుచున్నాడు.

రూపాయలలో భేదము వచ్చునది రాష్ట్రము దాటినచోట. 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు పెట్రోలు, డీజిలు దానిలో చేరలేదు. ఏ ప్రభుత్వము పన్ను ఆ ప్రభుత్వమునకే నిలిచినది. మన ఆంధ్రప్రదేశములో పెట్రోలుపై నూటికి 31 వంతున పన్నును, ఆపైన లీటరుకు 4 రూపాయలును, రహదారుల నిమిత్తము మరి యొక రూపాయియు వసూలగుచున్నవి. డీజిలుపై నూటికి 22¼ వంతు, ఆపైన పై చెప్పిన రూపాయలే. ఇంత బరువు మోయు రాష్ట్రములు దేశములో కొలదియే.

ఇక మన డెల్టా నడుమనే యానాం కలదు. 1954వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరి పాలనలో నున్నది. భాష మనదే, గోదావరి మనదే. పన్ను మాత్రము వేరు. అచ్చట పన్ను తక్కువ గనుక లీటరుకు పది రూపాయల పైచిలుకు తేడా కొన్ని యేండ్లుగా కనబడుచున్నది. కాకినాడనుండియు, ఎదుర్లంక వంతెనమీదుగా కోనసీమనుండియు బండ్లు అచ్చటి బంకులకు బారులు తీరుటకు కారణ మిదే.

అయితే పోవుట లాభమా? లెక్క తేలికగుటకు తేడా పది రూపాయలనియు, అచ్చటి పెట్రోలు నూరు రూపాయలనియు అనుకొందము. కాకినాడనుండి యానాం సుమారు 30 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 60. లీటరుకు 50 కిలోమీటర్లు నడచు మోటారుసైకిలు 120 రూపాయల పెట్రోలు కాల్చును. టాంకు నిండ పది లీటర్లు పోయించినను మిగులునది 100 రూపాయలు. అనగా 20 రూపాయల నష్టము. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారు 400 రూపాయలది కాల్చును. 40 లీటర్లు పోయించినచో ఆదాయమును 400 రూపాయలే. లాభము లేదు, నష్టము లేదు, పూట పోయినది. పదికిలోమీటర్లలో నున్నవారి సంగతి వేరు. అదే మోటారుసైకిలు 40 రూపాయలు ఖర్చుపెట్టి 100 మిగుల్చుకొనును. ఇతర పనిమీద యానాం పోవువారు, ఆ దారినే దినమును తిరుగువారు, అచ్చట తప్పక పోయించుకొనవలెను. వారికి దారిఖర్చు లేదు. రాజమహేంద్రవరమునుండి పెట్రోలుకొరకే పోవుట మాత్రము వెఱ్ఱి.

ఈ లెక్క మాకు ముందే తెలిసియుండలేదు. మేమును ఒకనాడు కాకినాడనుండి పెట్రోలుకొరకే బయలుదేరి, తాళ్లరేవు దాటినపిదప టైరు పంక్చరై, అది కుట్టించుకొని, యానాంలో వరుసలో నిలిచి, చీకటిపడ్డ తరువాత ఇల్లు చేరితిమి. ఇంటివారు అడిగినప్పుడు ధర మాత్రము చెప్పితిమి. పంక్చరు సంగతి చెప్పలేదు.

ప్లాస్టిక్ డబ్బాలలో పెట్రోలు నింపి మోయుట ప్రాణాపాయము. అమ్మకమునకై డ్రమ్ములలో తరలించుట చట్టమునకు విరుద్ధము. ఆ త్రోవ మన సభ్యులకు వలదు.

ధరకన్న కొలతయందు మనవారు అజాగ్రత్తగా నున్నారు. ప్రతి బంకులోను తూనికల కొలతల శాఖవారు ముద్రవేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉండవలెను. కొనుగోలుదారు అడిగిన దానిలో పోసి చూపవలెను. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకే తేడా చెల్లును. అంతకు మించి తగ్గినచో, లీటరుకు అర్ధరూపాయికి పైగా పోయినట్లే. యాపులో వెదకిన ముప్పది పైసలకంటె ఇది పెద్దది. దీనికొరకు ఊరు దాటనక్కరలేదు. పోయించుటకు ముందు మీటరు సున్నవద్ద నున్నదా యని చూచుట మరువరాదు.

ఇంకొకటి. దమ్ముకు ఎకరమునకు ఎన్ని లీటర్లు పట్టుచున్నదో మన ట్రాక్టరు యజమానులలో వ్రాసిపెట్టువారు అరుదు. కోతల ధూళికి ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోయినను, రోడ్డుమీద టైర్లలో గాలి తగ్గినను డీజిలు ఊరక కాలిపోవును. దానిని ఏ యాపును చూపదు, పుస్తకము చూపును. ముప్పది పైసల రైతుకు ఈ మాట చెప్పగా, సార్వా దమ్ములనుండి పుస్తకము పెట్టెదననెను. యాపు మాత్రము తీసివేయనండీ, యానాం సంబంధము కుదిరినది, పెండ్లిపనులకు పోవునప్పుడు పనికివచ్చు ననెను. అందులకు మేము అడ్డు చెప్పలేదు.