బోరు మోటారు దగ్గర తేలాల్సిన చవక చిప్

ప్రాసెసర్ అనగానే చాలామందికి బల్లమీది కంప్యూటరే గుర్తుకు వస్తుంది గానీ, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోని ఎలక్ట్రానిక్ కాటాలు, జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలోని సౌర విద్యుత్ పార్కు ఇన్వర్టర్లు, పులివెందుల చీనీ, అరటి తోటల్లో ఫోన్‌తో ఆన్ చేసే మోటారు స్టార్టర్లు కూడా లోపలున్న చిన్న ప్రాసెసర్ ఆదేశాల మీదే నడుస్తాయి. లెక్కలు చేసే భాగం, మెమరీ, బయటి తీగలను కలుపుకునే పిన్నులు అన్నీ ఒకే చిప్‌లో ఇమిడి ఉంటే దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు.

ఈ చవక చిప్‌ల మార్కెట్‌లోకి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తన వేగా ప్రాసెసర్ల వరుస నుంచి తేజస్ 32ను తెచ్చింది. 100 మెగాహెర్ట్జ్ వేగం, 256 కిలోబైట్ల మెమరీ ఉన్న ఈ 32 బిట్ల చిప్‌ను ఏరీస్ అనే బోర్డు మీద అమర్చి ఇస్తున్నారు. విద్యార్థులకు అలవాటైన ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తోనే దానికి ప్రోగ్రామ్ రాయవచ్చు. దీని పునాది రిస్క్-ఫైవ్, అంటే ప్రాసెసర్ అర్థం చేసుకోగల ఆదేశాల పట్టిక. ఆర్మ్ సంస్థ రూపొందించిన అలాంటి పట్టికను వాడుకోవాలంటే లైసెన్సు రుసుము కట్టాలి. 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్‌కు ఆ ఖర్చు లేదు కాబట్టే మద్రాసు ఐఐటీ శక్తి ప్రాసెసర్లకూ అదే ఆధారమైంది.

అయితే ఉచితమైన పట్టిక అందరికీ ఉచితమే. చైనా సంస్థ ఎస్ప్రెసిఫ్ 2016లో తెచ్చిన ఈఎస్‌పీ 32లో వైఫై, బ్లూటూత్ చిప్‌లోనే ఉండగా, తేజస్ 32కు వాటిని విడిగా జోడించాలి. అదే సంస్థ తర్వాత రిస్క్-ఫైవ్ చిప్‌లనూ తయారుచేసింది. 2021లో బ్రిటన్ నుంచి వచ్చిన రాస్ప్‌బెరీ పై పికో బోర్డు విడుదల ధర 4 డాలర్లే. ఇలాంటి చోట దేశీయమన్న పేరు ఒక్కటే కొనుగోలుదారును నిలపలేదు.

తేజస్‌కు అసలు అవకాశం బోరు మోటారు దగ్గర కనిపిస్తుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు మీద బరువు తగ్గి, అది లాగే కరెంటు పడిపోతుంది. నీళ్లు లేకుండా అలాగే తిరిగితే వేడెక్కి పాడవుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా కాయిల్ కాలే ప్రమాదం ఉంది. ఈ రెండింటినీ క్షణాల్లో కనిపెట్టి మోటారును ఆపడానికి గొప్ప వేగం అక్కరలేదు, తేజస్ 32 శక్తి ధారాళంగా సరిపోతుంది. కాలిన మోటారును బోరులోంచి పైకి తీయించి కాయిల్ చుట్టించడం రైతుకు ఎంత భారమో కడప జిల్లాలో వేరే చెప్పనక్కరలేదు.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, పులివెందుల జేఎన్‌టీయూ, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల పులివెందుల తోటలకు ఎంతో దూరంలో లేవు. అలాంటి రక్షణ పరికరాన్ని అక్కడి విద్యార్థులు తయారుచేయాలంటే వారికి ఏరీస్ బోర్డులు ప్రయోగశాలలోనే కాక అంగడిలోనూ దొరకాలి. మోటారు రక్షణ ప్రోగ్రామ్ తెలుగు వివరణతో సహా అందాలి. ఎండాకాలంలో ఇనుప స్టార్టర్ డబ్బాలో పెరిగే వేడికి, ఎగుడుదిగుడు వోల్టేజీకి తయారైన పరికరం ఓర్చుకుంటుందో లేదో తోటలోనే నెలల తరబడి పరీక్షించాలి.