అప్పు మీద పాట ఎందుకు లేదు?

మా గుడివాడలో ప్రేమించినవాళ్ళకన్నా అప్పులున్నవాళ్ళే ఎక్కువ. అయినా బస్టాండు రోడ్డులో నా రికార్డింగు సెంటరు నడిచినన్నాళ్ళూ అప్పు మీద పాట వేసిపెట్టమని ఒక్కరూ చీటీ తేలేదు. పంట మునిగినవాడు, కూతురి కట్నం బాకీపడ్డవాడు, కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులరిగినవాడు, అందరి చీటీల్లోనూ ప్రేమ పాటలే.

ఆ రోజులు చూడని చిన్నవాళ్ళ కోసం కాస్త చెప్పాలి. కంపెనీ కేసెట్టు కొంటే ఒక సినిమా, మహా అయితే రెండు సినిమాల పాటలు ఉండేవి. నచ్చిన పాటలన్నీ ఒకచోట కావాలంటే ఖాళీ కేసెట్టు పట్టుకుని మాలాంటివాళ్ళ దగ్గరికి రావాల్సిందే. అరవై నిమిషాల కేసెట్టులో పక్కకి ఆరేడు పాటలు పడతాయి. రూళ్ళ పుస్తకంలోంచి చింపిన కాగితం మీద పాట మొదటి మాట, ఎదురుగా సినిమా పేరు రాసి తెచ్చేవాళ్ళు. కొందరు ఒకే పాటను ‘ఏ’ సైడులో ఒకసారి, ‘బి’ సైడులో మరోసారి వేయించుకునేవాళ్ళు. రికార్డింగయ్యాక కేసెట్టు అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టి ఇమ్మనేవాళ్ళూ ఉండేవాళ్ళు. అవి తీసేస్తే దాని మీద పొరపాటున కూడా ఇంకేదీ రికార్డవదు. ముక్కలు విరగ్గొట్టమన్నారంటే ఆ కేసెట్టు ఎవరి చేతికో వెళ్తోందని నాకు అర్థమయ్యేది.

1988లో ‘అభినందన’ వచ్చింది. యాభైకి దగ్గరపడ్డ ఆర్టీసీ కండక్టరొకాయన వచ్చి రెండు వైపులా ఆ పాటలే వేయమన్నాడు.

“ఏం బాబాయ్, పాత కథేమన్నా ఉందా?” అన్నాను.

“కథా పాడా! మాది మేనరికం. ఉయ్యాల్లో ఉండగానే ఖాయం చేసేశారు. అయినా ఆ పాటలు వింటుంటే నన్నెవరో వదిలేసి పోయినట్టే ఉంటుందిరా” అని నవ్వాడు.

ఆ పాటలు రాసేనాటికి ఆత్రేయ అరవై అయిదు దాటినవాడు. ‘మల్లీశ్వరి’ (1951) నాటికి కృష్ణశాస్త్రికి యాభై దాటాయి, ‘గీతాంజలి’ (1989) నాటికి వేటూరికీ అంతే. రాసినాయనది కుర్రతనం కాదు, వింటున్న కండక్టరుకు ప్రేమే తెలియదు. మరి ఆ పాటలో ఉన్నదెవరు?

ఎవరూ లేరు. అందుకే అందరికీ చోటుందని నా లెక్క. అప్పు మీద పాట కట్టాలంటే వివరం కావాలి. ఎంత, ఎవరి దగ్గర, నూటికి రెండా మూడా, తాకట్టు పొలమా బంగారమా? ఆ వివరం వచ్చిందంటే అది వాడి అప్పే అవుతుంది, నాది కాదు. కాబట్టే మన సినిమా అప్పును నవ్వుకోవడానికి వాడుకుంది. 1959లో ఎల్.వి.ప్రసాద్ తీసిన ‘అప్పు చేసి పప్పు కూడు’కు ఆ పేరు చాలు. ప్రేమ పాటకు ఈ బాధ లేదు. అమ్మాయి పేరుండదు, కులం ఉండదు, ఊరుండదు, అబ్బాయి జీతమెంతో ఉండదు. ఉన్నదల్లా నువ్వూ నేనూ, వెన్నెలా వానా. విన్నవాడు ‘నేను’ దగ్గర తాను నిలబడి, ‘నువ్వు’ దగ్గర తనకు కావలసినవాళ్ళను నిలబెట్టుకుంటాడు.

కొలత కూడా కలిసొచ్చింది. గ్రామఫోను రోజుల్లో, నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక పక్కన మూడు నిమిషాలకు అటూ ఇటూగా మోగేది. అంతలో హరికథ చెప్పలేం, ఒక భావం చెప్పగలం. రికార్డులు పోయినా పల్లవి, రెండు చరణాల పద్ధతి పోలేదు.

అంతా బాణీ మహిమేనని వాదించేవాళ్ళున్నారు. 2018లో హార్వర్డు పరిశోధకులు దీన్ని ఒక చిత్రమైన పద్ధతిలో పరీక్షించారు. ప్రపంచం నలుమూలలా ఉన్న 86 చిన్న చిన్న సమాజాల నుంచి పాటలు సేకరించి, వాటి నుంచి 14 సెకన్ల ముక్కలు తీసి, ఆ భాషలు తెలియని 60 దేశాలవాళ్ళకు వినిపించారు. ఇది దేనికోసం పాడే పాట అని అడిగారు. జోలపాటను పట్టేశారు, నాట్యానికి పాడేదాన్నీ పట్టేశారు. ప్రేమ పాట దగ్గరే తడబడ్డారు. నాకిది వింతనిపించలేదు. మా ఊరి బ్యాండుమేళం పెళ్ళి ఊరేగింపులో పచ్చి విరహగీతం వాయిస్తే జనం ఈలలేసి గంతులేసేవాళ్ళు. మాట తీసేస్తే అది ప్రేమ పాటని బాణీ ఒక్కటే చెప్పలేదు.

సంగీతం పుట్టిందే జత కోసమని డార్విన్ 1871లో రాశాడు. నిజమే కావచ్చు గానీ, అది మా కండక్టరు సంగతి తేల్చదు. మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2011లో చెప్పింది మాత్రం నాకు బాగా నచ్చింది. ఇష్టమైన పాట వింటుంటే మెదడులో డోపమిన్ అనే రసాయనం ఊరుతుంది. పాట పతాకస్థాయికి చేరినప్పుడే కాదు, అదిగో ఆ చోటు వస్తోందని ఎదురుచూసేటప్పుడు కూడా. ప్రేమలో ఉన్నవాళ్ళ మెదళ్ళను పరీక్షించినా పనిచేస్తూ కనిపించేది ఇలాంటి భాగాలే. చరణం అయ్యాక పల్లవి కోసం కాచుకోవడం, ప్రేమించిన మనిషి వచ్చే సాయంత్రం బస్సు కోసం కాచుకోవడం మెదడుకు మరీ వేరువేరు పనులు కావన్నమాట.

ఇక వయసు. పదిహేను, పాతికేళ్ళ మధ్య విన్న పాట మనిషిని వదలదు. చీటీ చూసి మనిషి వయసు చెప్పేవాణ్ణి. ‘దేవదాసు’ (1953) పాటలుంటే ఒక తరం, ‘మరో చరిత్ర’ (1978) ఉంటే ఇంకొకటి. ఆ వయసులో మనసు ఎటు పోతుందో వేరే చెప్పాలా!

అన్నిటికన్నా పెద్ద కారణం వేరే ఉందంటాను. మన దగ్గర ప్రేమ గురించి నోరు విప్పడానికి పాట తప్ప ఇంకో చోటు లేదు. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో వేరే కులంవాళ్ళను పెళ్ళి చేసుకున్నామన్నవాళ్ళు నూటికి అయిదుగురి ప్రాంతం. కులం గీత దాటని తక్కిన తొంభై అయిదు మందికీ కలిపి పాటే దిక్కు. పెళ్ళి వీడియోలు మొదలయ్యాక వీడియోగ్రాఫర్లు మిక్సింగుకు పాటల కోసం నా దగ్గరికే వచ్చేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో ఒక్కసారి ఓరకంట చూసుకున్న జంట ఉంటుంది. జీలకర్ర బెల్లం దగ్గర ఒక డ్యూయెట్టు, తలంబ్రాలకు ఇంకో డ్యూయెట్టు. ఏ పాట కావాలని అడిగితే “పెద్దాయన మంచి లవ్ సాంగ్ వేయమన్నారు” అనేవాళ్ళు. పెద్దాయనంటే పెళ్ళికూతురి తండ్రి. కూతురు ప్రేమించానంటే కాళ్ళు విరగ్గొట్టే మనిషికి కూడా వీడియోలో ప్రేమ పాటే కావాలి!

ఈ ఏర్పాటు ఇవాళ్టిది కాదు. పామర్రు మీదుగా పోతే మొవ్వ మాకు ఎంతో దూరం కాదు. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య పదాలు చాలావరకు ఆ ఊరి మువ్వగోపాలుడి పేరు మీదే కట్టాడు. దేవుడి పేరు ముందు పెట్టాక ఎంత మాటన్నా చెల్లుతుంది. అంతకుముందు అన్నమయ్య (1408–1503) సంకీర్తనల్లోనూ ఎక్కువ భాగం శృంగారమే. అధ్యాత్మ సంకీర్తనలకు వేరే, వీటికి వేరే రాగిరేకులు. వేంకటేశ్వరుడి భాండాగారంలో ఉన్న ప్రేమ పాటలన్ని నా షాపులో ఏనాడూ లేవు.

క్షేత్రయ్య దగ్గర నన్ను ఆపేది ఇంకొకటుంది. ఆ పదాల్లో ఎక్కువగా మాట్లాడేది ఆడమనిషి. అలుగుతుంది, దెప్పుతుంది, గుమ్మంలోంచే పొమ్మంటుంది, పోనని కూర్చుంటే లెక్కలడుగుతుంది. అలాంటి గొంతు మన సినిమా పాటలో రాను రాను సన్నబడిపోయింది. మా షాపుకు ఆడపిల్లలు వచ్చేవాళ్ళు కాదు, తమ్ముడి చేత చీటీ పంపేవాళ్ళు. గుండ్రటి అక్షరాలు చూసి తెలుసుకునేవాణ్ణి. కేసెట్లు పోయాక అదే షాపులో సెల్‌ఫోన్ మెమరీ కార్డుల్లోకి పాటలెక్కించాను. అప్పుడు అమ్మాయిలే స్వయంగా వచ్చి నిలబడేవాళ్ళు. కాలేజీ గేటు దగ్గర వెంటపడే పాటలు, కాదన్న పిల్లను తిట్టిపోసే పాటలు అప్పటికి బాగా పెరిగాయి. కుర్రాళ్ళు అవి గంపగుత్తగా ఎక్కించుకునేవాళ్ళు. అమ్మాయిలు వాటి దగ్గరికొచ్చేసరికి “అవి వద్దన్నా, తీసెయ్” అనేవాళ్ళు. తిట్లు తినే ‘నువ్వు’ దగ్గర తననెవరు నిలబెట్టుకుంటారు? అందరికీ చోటుండే పాటలో సగంమందికి తలుపేసినట్టయింది.

పాటలు రాసే బాబులకు ఒక మనవి. ప్రేమ మీద ఎన్నైనా రాయండి, వినేవాళ్ళకు కొదవ లేదు. రాశాక మాత్రం ఒకసారి ఆ ‘నేను’ దగ్గర మీ చెల్లెల్ని నిలబెట్టి పాడించి చూడండి. ఆమె నోట పలకని పాటైతే ఇంకోసారి రాయండి.