అమెరికా సంబంధమా? ముందు కార్డు సంగతి అడగండి

మా సబ్బవరంలో మా పక్క వీధి అమ్మాయికి అమెరికా సంబంధం కుదిరింది. శ్రావణంలో పెళ్ళి, ఇరవై రోజులకి అబ్బాయి ప్రయాణం. "గ్రీన్ కార్డు ఉందండీ, ఆరు నెలల్లో తీసుకుపోతాను" అన్నాడు. అందరం సంబరపడ్డాం. ఆరు నెలలు ఏడాదైంది, ఏడాది మూడేళ్ళయింది. ఆవిడ ఓ రోజు కందిపప్పు చేటలో పోసుకుని చెరుగుతూ, "వదినా, అత్తారింటికి పంపుదామని పెళ్ళి చేశాను. చేసి నా ఇంట్లోనే ఉంచుకున్నాను" అని కళ్ళొత్తుకుంది.

అబ్బాయి అబద్ధం ఆడలేదు. కార్డు ఉంది నిజమే. కానీ ఆ కార్డుతో భార్యని తీసుకెళ్ళడానికి ఎంత కాలం పడుతుందో అతనికీ సరిగా తెలీదు, మనకీ తెలీదు. మా ఊళ్ళో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమే ఉంది. అయినా పెళ్ళిచూపుల్లో జీతం అడిగామే గానీ ఈ ముక్క ఎవరినీ అడగలేదు. నాకూ ఎదిగిన ఆడపిల్ల ఉంది కాబట్టి అప్పట్నుంచి తెలుసుకున్నవి మీతో చెబుతున్నాను.

మూడు రకాల అల్లుళ్ళు

మొదటి రకం, అమెరికా పౌరసత్వం ఉన్న అబ్బాయి. ఇతని భార్యకి ఏడాదికి ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు. ఐ-130 అనే దరఖాస్తు పెడతాడు. కాగితాల పరిశీలనకి పట్టే సమయమే తప్ప, వరస అంటూ ఉండదు.

రెండో రకం, గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న అబ్బాయి. ఇతనూ ఐ-130 పెట్టొచ్చు గానీ ఏటా ఇచ్చే వీసాలకి లెక్క ఉంది. వరసలో నిలబడాలి. ఆ వరస ఒకప్పుడు పెరుగుతుంది, ఒకప్పుడు తరుగుతుంది. 1990ల్లో భార్యాభర్తలు ఏళ్ళ తరబడి విడిగా ఉండిపోతుంటే, 2000 సంవత్సరంలో అక్కడివాళ్ళు ప్రత్యేకంగా ఓ చట్టమే చేయాల్సొచ్చింది. మధ్యలో అబ్బాయికి పౌరసత్వం వస్తే, ఆ సంగతి తెలియజేయగానే దరఖాస్తు మొదటి రకంలోకి మారుతుంది.

మూడో రకం, హెచ్-1 వీసా మీద ఉద్యోగం చేసే అబ్బాయి. భార్య హెచ్-4 మీద తొందరగానే వెళ్తుంది. అయితే అది శాశ్వత నివాసం కాదు. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే ఆమెకి ఉద్యోగానికి అనుమతి దొరుకుతుంది. ఆ వీలైనా వచ్చింది 2015లోనే.

"ఈలోగా టూరిస్టు వీసా మీద పంపేద్దాం" అనుకోకండి. అక్కడ స్థిరపడాలని దరఖాస్తు పెట్టినామె చూసి వచ్చేస్తానంటే అధికారి నమ్మడు.

కాగితాలు ఇప్పుడే సర్దుకోండి

మన వాళ్ళకి పెద్ద చిక్కు ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్ళి సర్టిఫికెట్‌లో భర్త ఇంటిపేరు. అన్నింట్లో ఒకేలా లేకపోతే ప్రశ్నలొస్తాయి. ఇంట్లో పుట్టిన పిల్లలకి కొందరికి జనన రిజిస్టరులో పేరే ఉండదు. ముందే సరిచేయించండి.

గుళ్ళో తాళి కట్టించి ఊరుకోకుండా సబ్ రిజిస్ట్రారు దగ్గర పెళ్ళి రిజిస్టరు చేయించండి. పోలీసు క్లియరెన్సుకి పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా అర్జీ పెట్టాలి. శుభలేఖ, బంధువులతో తీయించుకున్న ఫోటోలు, ఫోను మాటల రికార్డులు దాచండి. పెద్దలు కుదిర్చిన పెళ్ళి కాబట్టి నిజమైన పెళ్ళేనని చూపించేవి ఇవే. శాశ్వత నివాసం వీసాకి మనవాళ్ళు ఎక్కువగా ముంబై వెళ్ళాల్సి ఉంటుంది. వైద్య పరీక్షలూ ఉంటాయి.

అబ్బాయి ఐ-864 అనే హామీపత్రం మీద సంతకం చేయాలి. అక్కడి ప్రభుత్వం పేదరికానికి కట్టిన లెక్కకి సాధారణంగా 125 శాతం ఆదాయం చూపించాలి. విడాకులైనా ఆ బాధ్యత పోదు. ఈ మాట అమ్మాయికి చెప్పి ఉంచండి.

రెండేళ్ళ కార్డు

అమ్మాయికి కార్డు వచ్చేనాటికి పెళ్ళై రెండేళ్ళు నిండకపోతే, రెండేళ్ళకి మాత్రమే చెల్లే షరతుల కార్డు ఇస్తారు. దొంగ పెళ్ళిళ్ళు ఆపడానికని 1986లో ఈ నియమం పెట్టారు. గడువు తీరడానికి ముందు 90 రోజుల్లోగా ఇద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు పెట్టాలి.

"నేను సంతకం పెట్టకపోతే నువ్వు ఇంటికే" అని బెదిరించే మొగుళ్ళు ఉంటారు. భయపడనక్కర్లేదు. కొట్టినా, హింసపెట్టినా, నిజాయితీగా చేసుకున్న పెళ్ళి విడాకులైనా, అమ్మాయి ఒక్కతే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. 1975లో తిరుపతిలో పెళ్ళైన ఒకాయన అమెరికాలో మిస్సోరీ కోర్టులో విడాకులు తీసుకుని, ఇక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. హిందూ చట్టం ప్రకారం జరిగిన పెళ్ళికి, ఆ చట్టంలో లేని కారణంతో, ఆమె ఒప్పుకోని కోర్టు ఇచ్చిన విడాకులు మన దేశంలో చెల్లవని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఇలాంటి కష్టం వస్తే జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్ళిళ్ళ ఫిర్యాదులకు విభాగం ఉంది.

మా వీధి అమ్మాయి పోయిన మాఘంలో విమానం ఎక్కింది. పెళ్ళై రెండేళ్ళు దాటిపోయింది కాబట్టి నేరుగా పదేళ్ళ కార్డే ఇచ్చారట. వాళ్ళమ్మ నవ్వి, "ఎదురుచూసినందుకు అదొక్కటే లాభం వదినా" అంది.

ఆవిడిచ్చిన ఆవకాయ పెట్టెలో పట్టలేదు. అది మా ఇంటికొచ్చింది. అన్నంలో కలుపుకున్నప్పుడల్లా అనుకుంటాను: కట్నం మాటకన్నా ముందు, "బాబూ, నీ దగ్గరున్నది ఏ కార్డు? మా పిల్లని ఎప్పటికి తీసుకెళ్ళగలవు?" అని అడగడంలో సిగ్గేమీ లేదు. కాగితం చూపించమనండి. మంచి అబ్బాయైతే చూపిస్తాడు.