పడవ సందుకు ఏ సీలెంట్ పనికొస్తుంది?

పి.గన్నవరం వద్ద వశిష్ఠ గోదావరి నుంచి చీలిన వైనతేయ పాయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ పాయల నడుమ ఉన్న ఊడిమూడిలంక, బూరుగులంక వంటి ఊళ్లకు వరద వచ్చి కాజ్‌వేలు మునిగితే పడవే దారి. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారిన రోజుల్లో లంకల జనానికి రాకపోకలన్నీ పడవల మీదే సాగాయి. అటువంటి చోట పడవ అడుగున నీరు ఊరకుండా ఏది పూయాలన్నది చిన్న ప్రశ్న కాదు. అయితే దుకాణంలో గొట్టం మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉన్నంత మాత్రాన దానికి జవాబు దొరకదు.

ముందుగా చూడవలసింది ఆ అతుకు కదులుతుందా లేదా అన్నది. చెక్క పడవ ఎండలో ఒడ్డున ఉంటే బల్లలు కుంచించుకుని సందులు విచ్చుకుంటాయి, నీటిలోకి దిగాక చెక్క ఉబ్బి అవే సందులు బిగుసుకుంటాయి. పూర్వపు పనివారు సందులో దూదినో నారనో గట్టిగా కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద పట్టించడంలోని కిటుకు ఇదే: బిగువు నారది, నీటిని ఆపే పని ముద్దది. ఈ విభజనను మరిచి ఎం-సీల్ వంటి ఎపాక్సీ ముద్దతో సందంతా నింపితే అది రాయిలా గట్టిపడి, చెక్క ఉబ్బినప్పుడు తాను పగలడమో బల్ల అంచును చితకగొట్టడమో జరుగుతుంది. మేకు రంధ్రానికో, కదలని పగులుకో మాత్రం ఎపాక్సీ చక్కగా సరిపోతుంది.

కదిలే సందులకు రబ్బరులా సాగే రకాలు కావాలి. వాటిలో పాలీసల్ఫైడ్ చెక్కకు చాలాకాలంగా వాడుకలో ఉన్నది. నీటిలో మునిగి ఉన్నా చెడదు, మళ్లీ విప్పుకోవడానికీ వీలిస్తుంది, కాని కొన్ని ప్లాస్టిక్‌లను తినేస్తుంది. కార్ల ముందు అద్దం అతికించే పాలీయురేథేన్ అంతకన్నా గట్టిగా పట్టుకుంటుంది కనుక ఎన్నడూ విప్పనక్కరలేని అతుకులకే అది తగినది. ఎంఎస్ పాలిమర్ అనే కొత్త తరగతి ఎండకు బాగా ఓర్చుకుంటుంది, పైన రంగూ పడుతుంది. ఇళ్లలో వాష్‌బేసిన్ అంచులకు పూసే సిలికాన్ మాత్రం పడవ అడుగుకు తగదు: దాని మీద రంగు నిలవదు సరికదా, గీకేసిన తర్వాత మిగిలే జిడ్డు పొర మీద మరే సీలెంటూ పట్టదు. చవక అనే కారణంతో దానిని ఎంచుకున్నవారు తరువాతి మరమ్మతును కూడా పాడుచేసుకున్నట్టే. ఫైబర్ పడవ అడుగు పగిలితే అసలు సీలెంట్ కాదు, గాజునార చాపను రెసిన్‌తో అతికించడమే మరమ్మతు.

రకం సరైనదైనా పని తీరు చెడితే ఫలితం ఉండదు. పాత తారును, నాచును చెక్క కనిపించేదాకా గీకి, ఆరనిచ్చి, థిన్నర్‌తో తుడవాలి. కిరోసిన్‌తో తుడిస్తే నూనె పొర మిగిలి పట్టు పోతుంది. వీలైనంతవరకు పూత బయటివైపునే వేయాలి, ఎందుకంటే నీటి ఒత్తిడి బయటి పూతను సందులోకి అదుముతుంది, లోపలి పూతనైతే ఊడగొడుతుంది. ఒకే గొట్టంలో వచ్చే పాలీయురేథేన్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే గట్టిపడుతుంది కాబట్టి, లోతైన సందు పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. జూలైలో వరద కబురు వచ్చాక మొదలుపెడితే అంత వ్యవధి చిక్కదు. సందులు బాగా విచ్చుకుని లోపలిదాకా గీకడానికి వీలిచ్చే మే నెలే ఈ పనికి అదను.